హోంస్కూల్ పిల్లలకు పన్నెండో తరగతి తర్వాత దారి: పదమూడో ఏటి నుంచే ఎలా సిద్ధం చేయాలి

"స్కూలు గడప తొక్కని పిల్లకి ఇంజినీరింగ్ సీటిస్తారా? టీసీ అడిగితే ఏం చూపించాలి? నీట్ రాయనిస్తారా?" ఇంట్లోనే చదివించే తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఈ మూడే. సీటిస్తారు, రాయనిస్తారు, టీసీకి బదులు చూపించే కాగితమూ ఉంది. కాకపోతే పిల్ల ఎంత బాగా చదివిందని ఏ కౌన్సెలింగ్ సెంటర్లోనూ అడగరు. ఏ బోర్డు, ఏ సంవత్సరం, ఏ సబ్జెక్టులు, మెమోలో పేరు ఆధార్‌తో కలిసిందా, అంతవరకే. ఈ నాలుగూ పదిహేడో ఏట తేలేవి కావు, పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడే ఖాయమైపోతాయి. అందుకే ఇది ముఖ్యంగా ఆ వయసు పిల్లలున్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇళ్ళ కోసం. మీ పిల్లకు ఇప్పటికే పదిహేడు వచ్చేస్తే చివరి భాగం ముందు చదవండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్. ఆస్పత్రి ఇచ్చిన చీటీ దీనికి పనికిరాదు.
- పిల్ల ఆధార్. పదిహేను నిండాక వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ ఇచ్చి అప్‌డేట్ చేయించడం తప్పనిసరి. ఐదేళ్ళప్పటి వేలిముద్రలతో పరీక్ష హాలు గేటు దగ్గరికి వెళ్తే బయోమెట్రిక్ కలవక ఇబ్బంది పడతారు.
- కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, నివాస ధ్రువపత్రం. మీసేవలోనో సచివాలయంలోనో తీసుకుంటారు.
- ఇంకో ఆరేళ్ళు మార్చని ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్. ఓటీపీలు, హాల్‌టికెట్లు, ఫలితాలు అన్నీ వాటికే వస్తాయి. ట్యూషన్ సారు నంబరో ఇంటర్నెట్ సెంటర్ నంబరో ఇవ్వొద్దు.
- ఒక ఫైలు, ఒక పెద్ద నోటుపుస్తకం, గోడకు ఒక క్యాలెండరు.

1. మూడు తలుపులు ఎంచుకుని వెనక్కి లెక్కేయండి

"పెద్దయ్యాక ఏమవుతావ్" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. పద్నాలుగేళ్ళ పిల్లకు దానికి జవాబు ఉండక్కర్లేదు. పద్దెనిమిదో ఏట ఏ మూడు తలుపులు తెరిచి ఉంచాలో మాత్రం మీరూ పిల్లా కలిసి రాసుకోండి. ఉదాహరణకు ఒకటి ఇంజినీరింగ్, ఒకటి సెంట్రల్ యూనివర్సిటీలో ఏదో ఒక డిగ్రీ, ఒకటి డిజైన్.

ఇప్పుడు ఆ మూడింటి గత ఏడాది ఇన్ఫర్మేషన్ బ్రోచర్లు దించుకుని అర్హతల పేజీ ఒక్కటి ప్రింటు తీయండి. అందులో నాలుగు వాక్యాల కింద గీత గీయాలి: కనీస వయసు, 12లో తప్పనిసరి సబ్జెక్టులు, కనీస శాతం, పాసైన సంవత్సరం మీద పరిమితి. ఎక్కువగా కనిపించేవి ఇవి:

- ఎన్‌ఐటీల్లో చేరాలంటే జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు 12లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఓపెన్ స్కూల్ పిల్లలు కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి.
- ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌కు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 16 నిండాలి. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40.
- నీట్‌కు చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ తప్పనిసరి.
- క్లాట్‌కు (లా కోర్సుల ప్రవేశ పరీక్ష) ఏ గ్రూపైనా సరే, 45 శాతం. వయో పరిమితి లేదు.
- ఎన్‌డీఏకు (సైన్యంలో అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య వయసు. నేవీ, ఎయిర్‌ఫోర్స్ కావాలంటే 12లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్.

"ఓపెన్ స్కూల్ వాళ్ళు నీట్‌కు పనికిరారు" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అది పాత మాట. పాత మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఆ అడ్డు ఉండేది, 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

2. బోర్డు ఎంచుకోండి

మన దగ్గర ఇంట్లో చదివే పిల్లకు గట్టి దారి ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాలయం. 1989లో మొదలైంది, ప్రధాన కార్యాలయం నోయిడాలో, ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. రాష్ట్ర ఓపెన్ స్కూళ్ళూ ఉన్నాయి: తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్ఎస్. పిల్ల తెలుగు మీడియంలో రాస్తే, మీరు రాష్ట్రం దాటే ఆలోచన లేకపోతే రాష్ట్ర ఓపెన్ స్కూలు హాయి. ఇంగ్లిష్ మీడియం, ఉద్యోగ బదిలీలు, దేశమంతటా దరఖాస్తులు అనుకుంటే ఎన్‌ఐఓఎస్సే మేలు.

బ్రిటన్ బోర్డు పరీక్షలైన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ, ఏ లెవెల్స్ ప్రైవేటు అభ్యర్థిగా రాయించేవాళ్ళూ ఉన్నారు. విదేశీ యూనివర్సిటీలకు అది బాగా పనికొస్తుంది. అయితే ఫీజు ఒక్కో సబ్జెక్టుకు విడిగా కట్టాలి, ప్రైవేటు అభ్యర్థిని తీసుకునే సెంటరు దొరకాలి, ఇక్కడి కాలేజీల కోసం ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) నుంచి సమానత్వ పత్రం తేవాలి. మధ్యతరగతి ఇంటికి ఇదే మొదటి దారి కానక్కర్లేదు.

అమెరికాలో ఇంట్లో చదివిస్తున్న తెలుగు వాళ్ళకు ఒక మాట. అక్కడి కాలేజీలు తల్లిదండ్రులు తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకుంటాయి. డిగ్రీకి ఇండియా పంపాలనుకుంటే మాత్రం మీరు సంతకం పెట్టిన డిప్లొమా ఇక్కడ చెల్లదు, గుర్తింపు ఉన్న బోర్డు సర్టిఫికెట్ కావాల్సిందే.

హెచ్చరిక: "డైరెక్ట్ టెన్త్, డైరెక్ట్ ఇంటర్, ఒకే సిట్టింగ్, పాస్ గ్యారంటీ" అని కరెంటు స్తంభాల మీద నంబర్లు కనిపిస్తాయి. వాటిలో కొన్ని అసలు గుర్తింపే లేని బోర్డుల పేరుతో మెమోలు ఇస్తాయి. ఏ బోర్డయినా సరే, కాబ్సే (దేశంలోని స్కూలు బోర్డుల మండలి) సభ్యుల జాబితాలో పేరుందో లేదో చూడకుండా రూపాయి కట్టొద్దు. ఎన్‌ఐఓఎస్ దరఖాస్తు మీరే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో నింపొచ్చు. దళారీ అడిగే మొత్తాన్ని అసలు ఫీజుతో పోల్చి చూస్తే ఆయన అవసరం ఎంతో మీకే తెలుస్తుంది.

3. వయసు, గ్యాపు లెక్క

ఎక్కువ మంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. ఎన్‌ఐఓఎస్‌లో పదికి చేరాలంటే 14 నిండాలి, పన్నెండుకు 15. పది పాసయ్యాక పన్నెండు సర్టిఫికెట్ చేతికి రావాలంటే మధ్యలో రెండేళ్ళు గడవాలి. ఆలోపే రాస్తే నాలుగు సబ్జెక్టుల వరకే, ఐదోది గడువు నిండాకే.

ఏటా రెండు పరీక్షలు: ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు. మార్చి మధ్య నుంచి జూలై దాకా చేరినవాళ్ళు మరుసటి ఏప్రిల్‌లో, సెప్టెంబరు మధ్య నుంచి జనవరి దాకా చేరినవాళ్ళు ఆ వచ్చే అక్టోబరులో రాస్తారు. ఆలస్య రుసుముతో ఇంకొన్ని రోజులు ఇస్తారు. తేదీలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో సరిచూసుకోండి.

2011 ఆగస్టులో పుట్టిన అబ్బాయిని తీసుకుందాం. 2025 ఆగస్టులో 14 నిండాయి.

తొందరగా వెళ్తే: 2025 డిసెంబరులో చేరి 2026 అక్టోబరులో పది రాస్తాడు. రెండేళ్ళ గ్యాపుతో పన్నెండు 2028 అక్టోబరులో. ఫలితాలు వచ్చేసరికి ఆ ఏడాది కాలేజీలు మొదలై నెలలు గడిచిపోతాయి. కాలేజీలో చేరేది 2029 జూన్‌లోనే.

తీరిగ్గా వెళ్తే: 2026 ఏప్రిల్‌లో చేరి 2027 ఏప్రిల్‌లో పది, 2029 ఏప్రిల్‌లో పన్నెండు. కాలేజీలో చేరేది అదే 2029 జూన్‌లో.

అంటే ముందు పరిగెత్తి మిగిలిందేమీ లేదు. అక్టోబరు దారికి ఒక్కటే లాభం: ఒక సబ్జెక్టు తప్పినా, మార్కులు తక్కువొచ్చినా ఏప్రిల్‌లో మళ్ళీ రాసుకునే వెసులుబాటు. లెక్కల్లో భయం ఉన్న పిల్లకు అది మంచిదే. మిగతా వాళ్ళకు ఏప్రిల్ దారే నయం.

ఐఐటీ మీద కన్నున్న ఇంటికి ఇంకో మెలిక. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయొచ్చు, అదీ 12 పరీక్షకు తొలిసారి హాజరైన ఏడాదిని బట్టి. ఎన్‌ఐఓఎస్ ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఇస్తుంది కదా అని ఏడాదికి రెండు సబ్జెక్టుల చొప్పున తాపీగా రాయిస్తే, ఆ తొలిసారి ఎప్పుడో అయిపోయిందని దరఖాస్తు రోజున తెలుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అలాంటి పిల్ల ఐదు సబ్జెక్టులూ ఒకే సిట్టింగ్‌లో రాయాలి, జేఈఈ రాసే ఏడాదే రాయాలి.

4. సబ్జెక్టులు

పదిలో ఎన్‌ఐఓఎస్ మ్యాథ్స్, సైన్స్ లేకుండా కూడా ఐదు సబ్జెక్టులు తీసుకోనిస్తుంది. అది వెసులుబాటుగా కనిపించే గుంట. పెయింటింగ్, హోంసైన్స్, డేటా ఎంట్రీతో పది పాసైన పిల్లకు పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) మూసుకుపోతుంది. జేఈఈ లేకుండా చేరగలిగే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ కోర్సూ మూసుకుపోతుంది, ఎందుకంటే దానికి పదిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉండాలి. నిజంగా లెక్కల దగ్గర కుదరని పిల్ల అయితే తప్ప పదికి ఇవి పెట్టండి: ఇంగ్లిష్ 202, తెలుగు 205, మ్యాథ్స్ 211, సైన్స్ 212, సోషల్ 213.

పన్నెండుకు:

- అన్ని తలుపులూ తెరిచి ఉంచాలంటే: ఇంగ్లిష్ 302, మ్యాథ్స్ 311, ఫిజిక్స్ 312, కెమిస్ట్రీ 313, బయాలజీ 314. సరిగ్గా ఐదు. భారమే, కాని నీటా జేఈఈనా తేలని పిల్లకు ఇదే మంచిది.
- ఇంజినీరింగ్ ఖాయం అనుకుంటే బయాలజీ బదులు కంప్యూటర్ సైన్స్ 330. జేఈఈ శాతం లెక్కలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక భాష, ఇంకో సబ్జెక్టు చూస్తారు. ఆ ఐదో దానిలో మార్కులు బాగా వచ్చేది పెట్టుకుంటే 500కి 375 దాటడం తేలిక.
- కామర్స్: ఇంగ్లిష్ 302, మ్యాథ్స్ 311, ఎకనామిక్స్ 318, బిజినెస్ స్టడీస్ 319, అకౌంటెన్సీ 320. ఇక్కడా మ్యాథ్స్ వదలొద్దు. ఎకనామిక్స్ డిగ్రీ అడిగే చాలాచోట్ల మ్యాథ్స్ కావాలంటారు.
- లా, డిజైన్, హ్యుమానిటీస్: ఇంగ్లిష్‌తో పాటు పిల్లకు ఇష్టమైన నాలుగు. ఇక్కడ మాత్రం పిల్ల మాటే వినండి.

మొత్తం ఏడు దాకా తీసుకోవచ్చు, రెండు అదనం. అదనపు సబ్జెక్టు బీమా లాంటిది, కాని ఏడూ మోయడం ఏ పిల్లకూ అవసరం లేదు.

5. పేరు సరిచేయండి, దరఖాస్తుకు ముందే

మన పేర్లకు ఉన్న జబ్బు ఇంటిపేరు. పుట్టిన సర్టిఫికెట్‌లో "కొండపల్లి సాయి వర్షిత్", ఆధార్‌లో "కె సాయి వర్షిత్", పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర "సాయి వర్షిత్ కొండపల్లి". ముగ్గురూ ఒక్కడేనని మీకు తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు. జేఈఈ, క్యూఈటీ (CUET, సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) ఫారాల్లో ఆధార్ పేరు, పది మెమో పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. స్కూలు పిల్లలకు ఈ తప్పు హెడ్మాస్టర్ ఆఫీసులో ఎవరో పట్టుకుంటారు. మీకు ఆ ఆఫీసు లేదు.

చేయాల్సిన వరస ఇది: పుట్టిన సర్టిఫికెట్, దాన్ని బట్టి ఆధార్, ఆధార్‌ను బట్టి ఎన్‌ఐఓఎస్ దరఖాస్తు. తల్లి పేరు, తండ్రి పేరు కూడా వాళ్ళ ఆధార్‌లో ఉన్నట్టే. చుక్క పెట్టాలా వద్దా, ఇనిషియల్ ముందా వెనకా అన్నది ఒక్కసారి నిర్ణయించి కాగితం మీద పెద్దక్షరాల్లో రాసి ఫైలు అట్ట లోపల అంటించండి. ఆ తర్వాత ఏ ఫారం నింపినా దాన్ని చూసే నింపాలి. పది మెమో అచ్చయ్యాక పేరు మార్చడం నెలల పని.

ఇంతవరకు ఏ స్కూల్లోనూ చదవని పిల్లను పదికి చేర్చేటప్పుడు ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఏదని కంగారు పడొద్దు. సెకండరీ స్థాయి చదవగలనని అభ్యర్థి స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ సరిపోతుంది. పుట్టిన తేదీకి మాత్రం సర్టిఫికెట్ కావాలి.

6. చేరిన తర్వాత చేయాల్సిన మూడు పనులు

అడ్మిషన్ అయిందంటే పరీక్షకు పేరు పడ్డట్టు కాదు. ఇది పెద్ద అక్షరాల్లో గోడ మీద రాసుకోండి.

మొదటిది పరీక్ష ఫీజు. ఏప్రిల్ పరీక్షకు సుమారుగా డిసెంబరులో విడిగా కట్టాలి, సబ్జెక్టులు విడిగా ఎంచుకోవాలి. మరిచిపోతే ఆరు నెలలు పోయినట్టే.

రెండోది టీఎంఏ, అంటే ఇంట్లో రాసి అప్‌లోడ్ చేసే అసైన్‌మెంట్లు. మార్కుల్లో వీటి వాటా 20 శాతం. ఏప్రిల్ బ్యాచ్‌కు జనవరి చివరికి, అక్టోబరు బ్యాచ్‌కు జూలై చివరికి పంపాలి. చేత్తో రాయాలి. సబ్జెక్టు పుస్తకంలోంచి ఎత్తిరాసినా మార్కులు పడతాయి కాని, పిల్ల స్వయంగా రాస్తే పరీక్షకు సగం ప్రిపరేషన్ అక్కడే అవుతుంది.

మూడోది ప్రాక్టికల్స్. సైన్సు సబ్జెక్టులకు కేటాయించిన స్టడీ సెంటర్లో ప్రయోగాల తరగతులకు వెళ్ళాలి, రికార్డు రాయాలి. థియరీలో, ప్రాక్టికల్‌లో, మొత్తంలో విడివిడిగా 33 శాతం రావాలి. చేరేటప్పుడు ఇంటికి దగ్గరున్న సెంటర్‌ను కాదు, లేబొరేటరీ నిజంగా నడుస్తున్న సెంటర్‌ను ఎంచుకోండి. ఒకసారి వెళ్ళి చూడండి. బ్యూరెట్లు దుమ్ము పట్టి ఉంటే ఇంకోటి చూసుకోండి.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు: చేతిరాత. ఇంట్లో చదివిన పిల్లలు చాలామంది కీబోర్డు మీదో, నోటితోనో జవాబులిచ్చి అలవాటు పడతారు. బోర్డు పరీక్ష మూడు గంటల చేతిరాత. పరీక్షకు ఆరు నెలల ముందు నుంచి వారానికొకసారి పాత ప్రశ్నపత్రం, గోడగడియారం, లైన్లున్న కాగితాలు. మొదటి వారం గంటలోనే చెయ్యి నొప్పి అంటారు. రెండో నెలకు అలవాటవుతుంది. ఎంట్రన్స్ సంగతి వేరు: జేఈఈ, ఎప్‌సెట్ కంప్యూటర్ మీద, నీట్ ఓఎంఆర్ షీటు మీద. బుడగలు నింపడం చిన్న పనిలా ఉంటుంది, కాని 180 ప్రశ్నలకు నింపి చూస్తే పట్టే సమయం తెలుస్తుంది.

7. గోడ క్యాలెండరు

పన్నెండు పరీక్షకు ముందు వచ్చే జూలై నుంచి మొదలుపెట్టి ఇవి గుర్తు పెట్టండి:

- జూలై–ఆగస్టు: క్లాట్ దరఖాస్తులు మొదలవుతాయి. పరీక్ష డిసెంబరులో.
- అక్టోబరు–నవంబరు: జేఈఈ మెయిన్ జనవరి సెషన్ దరఖాస్తు. డిజైన్ కోర్సుల యూసీడ్, ఎన్‌ఐడీ దరఖాస్తులూ ఈ చుట్టుపక్కలే.
- డిసెంబరు: ఎన్‌ఐఓఎస్ పరీక్ష ఫీజు.
- జనవరి–మార్చి: నీట్, ఎప్‌సెట్, క్యూఈటీ దరఖాస్తులు.
- ఏప్రిల్–జూన్: బోర్డు పరీక్ష, పరీక్షలన్నీ ఒకదాని వెంట ఒకటి.

బోర్డు పరీక్ష తేదీ, ఎంట్రన్స్ తేదీ ఢీకొంటాయేమో చూడటం మీ పనే. ఎన్‌ఐఓఎస్ పరీక్షలు వారాల తరబడి సాగుతాయి, ఎంట్రన్స్‌ల మధ్యలో ఇరుక్కుంటాయి.

క్యూఈటీ గురించి మన ఇళ్ళలో తక్కువ తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు, అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, వీటన్నిటికీ ఇదే పరీక్ష. తెలుగులోనూ రాయొచ్చు. పుస్తకాలు విస్తారంగా చదివే హోంస్కూల్ పిల్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఢిల్లీ యూనివర్సిటీకైతే 12లో చదివిన సబ్జెక్టులే క్యూఈటీలోనూ రాయాలి.

8. లోకల్ సర్టిఫికెట్, టీసీ

స్కూలు పిల్లలు తాము లోకల్ అని చూపడానికి కౌన్సెలింగ్‌కు ఏడేళ్ళ స్టడీ సర్టిఫికెట్లు తెస్తారు. మీ దగ్గర అవి ఉండవు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ కాగితాల జాబితాలోనే దీనికి జవాబుంది: స్కూలు చదువు లేకుండా ప్రైవేటుగా చదివినవాళ్ళు అర్హత పరీక్షకు ముందు ఏడేళ్ళ నివాస ధ్రువపత్రం తహసీల్దార్ నుంచి తేవాలి. దరఖాస్తులో "ఏడేళ్ళు", ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్పష్టంగా రాయించండి. మామూలు నివాస పత్రంలో కాలం ఉండదు, అది ఇస్తే కౌంటర్ దగ్గర వెనక్కి పంపుతారు. ఈ ఏడేళ్ళకు ఆధారంగా కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందాలు, రేషన్ కార్డు ఇప్పటినుంచే ఫైల్లో పెడుతూ పోండి. మధ్యలో రెండేళ్ళు బెంగళూరులో ఉండి వచ్చినవాళ్ళు దీని గురించి ముందే ఆలోచించాలి.

తెలంగాణలో మెడికల్ సీటు ఇంకాస్త చిక్కు. 9 నుంచి 12 దాకా నాలుగేళ్ళు రాష్ట్రంలో చదివినవాళ్ళే లోకల్ అన్న నిబంధనను 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి పదికీ పన్నెండుకూ స్టడీ సెంటరు రాష్ట్రంలోనే పెట్టుకోండి. వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి మీ పరిస్థితి వివరించి ఏడాది ముందే రాయండి. జవాబు ఫోన్లో కాదు, కాగితం మీద తీసుకోండి.

టీసీ బదులు ఎన్‌ఐఓఎస్ మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఇస్తుంది. రెండూ ఒకే కాగితం. కాలేజీ గుమాస్తా "మైగ్రేషన్ సరే, టీసీ ఏది" అంటే శీర్షిక చదివి వినిపించండి. కండక్ట్ సర్టిఫికెట్ అడిగితే గెజిటెడ్ అధికారి సంతకంతో ఇస్తే ఒప్పుకుంటారా అని చేరేముందే కనుక్కోండి.

ఓబీసీ పిల్లలకు ఒక జాగ్రత్త: రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థలకు చెల్లదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతది.

9. చదువు రికార్డు

ఎప్‌సెట్ దారిలో పోయే పిల్లకు ఇది అక్కర్లేదు, వదిలేయండి. అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, శ్రీసిటీలోని క్రియా లాంటి చోట్లకు, విదేశాలకు మాత్రం ఇదే ప్రాణం. ఇంటర్వ్యూ గదిలో మీ పిల్లకు స్కూలు పిల్లల కంటే చెప్పడానికి ఎక్కువ ఉంటుంది, రాసిపెట్టి ఉంటే.

ఒక్కో సబ్జెక్టుకు ఏడాదికి ఒక్క పేజీ. నాలుగు వరసలు: ఏ పుస్తకాలు, ఎన్ని గంటలు, ఏం తయారుచేసింది, ఎవరు చూసి ఏమన్నారు. గంటల లెక్క ఎందుకంటే అమెరికా హైస్కూల్లో ఒక పూర్తి క్రెడిట్ అంటే దాదాపు 120 గంటల చదువు. "ప్రకృతిని గమనించింది" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు. "పెరట్లో బుల్‌బుల్ గూడు, గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరేదాకా రోజూ రెండుసార్లు చూసి పట్టిక వేసింది, ఫొటోలతో సహా" అని రాస్తే తెలుస్తుంది. నెలకోసారి ఆదివారం అరగంట చాలు. నాలుగేళ్ళది ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాస్తే అతికించినట్టు ఉంటుంది, చదివేవాళ్ళు పసిగడతారు.

ఇద్దరు పెద్దల సిఫార్సు ఉత్తరాలు కూడా కావాలి, వాళ్ళు చుట్టాలు కాకూడదు. సంగీతం టీచరు, లైబ్రరీ నడిపేవారు, పిల్ల పనిచేసిన వర్క్‌షాపు యజమాని ఎవరైనా సరే, కనీసం ఏడాది పరిచయం ఉన్నవాళ్ళు.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

పది పాసైన నెలలో ఒకసారి, పన్నెండు రాసే ముందు జూలైలో ఒకసారి ఈ మూడు చేయండి.

ఫైలు తీసుకెళ్ళి మీ చదువు పద్ధతి తెలియని చుట్టానికి ఇచ్చి, నిరుటి జేఈఈ ఫారం ప్రింటు మీద పెన్సిల్‌తో నింపమనండి. మిమ్మల్ని ఏదైనా అడగాల్సి వచ్చిందంటే ఆ కాగితం ఫైల్లో లేదన్నమాట.

డిజిలాకర్‌లో పిల్ల పేరుతో పది మెమో వస్తోందా చూడండి. రాకపోతే పేరో పుట్టిన తేదీయో ఎక్కడో కలవట్లేదు.

గీతలు గీసిన మూడు బ్రోచర్ పేజీలు తీసి ఒక్కో గీతకు ఎదురుగా "ఉంది" లేదా "ఎప్పటికి వస్తుంది" అని తేదీ రాయండి. ఏ తలుపుకైనా రెండు ఖాళీలు మిగిలితే ఆ తలుపు నిజంగా తెరిచి లేదు, ఇంకోటి ఎంచుకోండి.

పదిహేడు వచ్చేసింది, ఏమీ చేయలేదు

మునిగిపోయిందేమీ లేదు. జేఈఈ మెయిన్‌కు, క్యూఈటీకి, క్లాట్‌కు, నీట్‌కు పై వయసు పరిమితి లేదు. ఎన్‌డీఏ ఒక్కటి చేజారుతుంది.

ముందు పది. ఎన్‌ఐఓఎస్ అడ్మిషన్లు దగ్గర్లో ఎప్పుడు తెరిచి ఉంటే అప్పుడు మ్యాథ్స్‌తో సహా ఐదు సబ్జెక్టులకు చేర్చండి. పద్దెనిమిదికి పది చేతికొస్తుంది. అక్కడి నుంచి రెండు దారులు, లెక్క వేసి చూడండి. పన్నెండు రాస్తే ఇరవైకి పూర్తవుతుంది, బీటెక్ నాలుగేళ్ళు, ఇరవై నాలుగు. పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్ళకు ఇరవై ఒకటి, ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్ళు, మళ్ళీ ఇరవై నాలుగే. తేడా ఏమిటంటే డిప్లొమా దారిలో ఇరవై ఒకటికే ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది. చేతిపని ఇష్టపడే పిల్లకు ఈ దారి చెప్పకుండా పన్నెండు వైపు నెట్టొద్దు. పాలిసెట్‌కు పైబడిన వయసని ఎవరూ ఆపరు, మ్యాథ్స్ లేని పది మెమో మాత్రం ఆపుతుంది.

చదువు మీద మొహం మొత్తిన పిల్ల అయితే పది తర్వాత ఐటీఐ, దాంతోపాటు అప్రెంటిస్‌షిప్. డిగ్రీ తర్వాత కావాలనుకుంటే పన్నెండు పూర్తిచేసి, 1982 నుంచి నడుస్తున్న అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పని చేసుకుంటూనే చేరొచ్చు.

ఏ దారైనా ఈ వారం చేయాల్సిన పని ఒకటే: ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే సోమవారం పొద్దున్నే ఆధార్ సెంటర్‌కు వెళ్ళండి, పుట్టిన సర్టిఫికెట్ జెరాక్స్‌తో పాటు ఒరిజినల్ కూడా తీసుకుని.